టీచరమ్మ కవరు ఎవరికిచ్చారు?

ముప్పై మూడేళ్ళ తపాలా ఉద్యోగంలో నాకు దక్కిన ప్రశంసాపత్రం ఒక్కటే. మా ఇంట్లో వాళ్ళు దానికి ఫ్రేము కట్టిద్దామన్నారు. నేను వద్దన్నాను. వినయం అనుకున్నారు పాపం. ఇన్నేళ్ళూ ఆ పేరు అలాగే ఉండనిచ్చాను. ఈమధ్య మా డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టర్లు ఫోన్ చేసి, "సార్, అప్పట్లో మీరు ఉత్తరాల దొంగని పట్టుకున్నారంట కదా, ఎట్లా పట్టుకున్నారు?" అని అడుగుతున్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. దొంగని ఎలా పట్టుకోవాలో తెలియకపోయినా, ఎలా పట్టుకోకూడదో మాత్రం బాగా తెలుస్తుంది.

తొంభైల మధ్యకాలం. డిపార్ట్‌మెంటు పరీక్ష రాసి అప్పుడే ఇన్‌స్పెక్టర్‌నయ్యాను. నందిగామలో అద్దె ఇల్లు, చేతిలో కొత్త తోలు బ్యాగు. చుట్టుపక్కల పల్లెల్లో పోస్టాఫీసులు తనిఖీ చేయడం, ఫిర్యాదులొస్తే విచారించడం నా పని. ట్రైనింగులో మాకు నేర పరిశోధన మీద క్లాసులు చెప్పారు. వేలిముద్రలు, సిరా రంగులు, ఆవిరి పట్టి విప్పిన కవర్లని గుర్తుపట్టే పద్ధతులు. ఆ నోట్సుకి అట్ట వేసి దాచుకున్నాను. తీరా డ్యూటీలోకి వచ్చాక మొదటి ఆరు నెలల్లో నాకు తగిలిన నేరాలు రెండే. ఒక పల్లెలో పోస్టుమాస్టరు గారి మేక తపాలా సంచి నమిలింది. ఇంకో పల్లెలో పోస్టుడబ్బాలో కందిరీగలు గూడు పెట్టాయి. రెండు కేసుల్లోనూ వేలిముద్రలకి అవకాశం లేకపోయింది.

నాకు సాయంగా ఒక మెయిల్ ఓవర్సీర్ ఉండేవాడు. ఊరూరా సైకిల్ మీద తిరిగి బట్వాడా ఎలా జరుగుతోందో చూసేది ఆయనే. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నన్ను 'అయ్యగారూ' అని పిలిచేవాడు. ఆయన ఆ మాటని కాస్త సాగదీసి అన్నాడంటే నేనెక్కడో పప్పులో కాలేశానని అర్థం. ఆ సంగతి గ్రహించడానికి నాకు ఏడాది పట్టింది.

అలాంటి రోజుల్లో ఒక అమ్మాయి మా ఆఫీసుకి వచ్చింది. జగ్గయ్యపేటలో బస్సు మారి, దిగాక మళ్ళీ రెండు మైళ్ళు నడవాల్సిన ఊరు ఆమెది. ఊరి పేరు రాయను. ఊరి చివర చర్చి పక్కన కాలనీలో ఇల్లు. అమ్మానాన్నా కూలికి పోతే, ఆమె టీచర్ ట్రైనింగు పూర్తిచేసి ఊళ్ళోనే ఒక ప్రైవేటు కాన్వెంటులో పాఠాలు చెబుతోంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాకు గవర్నమెంటు టీచరు పోస్టుకి ఇంటర్వ్యూ లెటరు రాలేదండి. ట్రైనింగులో నా పక్కన కూర్చున్న అమ్మాయికి వచ్చిందండి. ఇద్దరిదీ ఒకటే లిస్టు. ఆఫీసుకెళ్ళి అడిగితే పంపించాం అంటున్నారు."

"మిగతా ఉత్తరాలు వస్తున్నాయా?"

"వస్తన్నాయండి. ఫ్రెండ్సు రాసే కార్డులు, గ్రీటింగులు అన్నీ అందుతన్నాయి. సర్కారు కవర్లే అందట్లేదు. ఇది రెండోసారండి."

"మళ్ళీ పిలుస్తారు కదమ్మా?"

"ఇంకొక్కసారండి. ఫిబ్రవరిలో పిలుస్తారంట. అది కూడా పోతే నాకు వయసు దాటిపోద్ది. ఆ తర్వాత పిలిచినా ఒకటే, పిలవకపోయినా ఒకటే."

నాకు నోట్సు గుర్తొచ్చింది. ఛాతీ కూడా కొంచెం పెరిగిందనుకుంటాను. "నువ్వేం దిగులు పెట్టుకోకమ్మా. ఆలోగా దొంగని పట్టుకొచ్చి నీ ముందు నిలబెడతాను" అన్నాను.

"దొంగొద్దండి. నా కవరు నాకొస్తే చాలండి" అంది.

ఎంత చిన్న కోరికో చూశారా? ఆ ఒక్క మాట వినిపించుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ నాకు దొంగ కావాలి.

ముందు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. ఎస్సై గారు మర్యాదస్తుడు, కుర్చీ వేయించారు.

"పోయిందేంటండీ?"

"ఉత్తరం."

"అందులో ఏముందండీ?"

"కాగితం."

"కాగితంలో పెట్టిన కాగితం పోయిందని నేను ఎఫ్ఐఆర్ రాస్తే, మా పైవాళ్ళు నా కాగితం చించేస్తారండీ. మీరే పట్టుకోండి. పట్టుకున్నాక తీసుకురండి, అరెస్టు మేం చేసిపెడతాం" అన్నారాయన. రెండు శాఖల సహకారం గురించి ట్రైనింగులో చెప్పింది బహుశా ఇదే అనుకుని టీ తాగి వచ్చేశాను.

ఇక నా సొంత పరిశోధన. మా శాఖలో పరీక్ష ఉత్తరాలని ఒక పద్ధతి ఉంది. అనుమానమున్న చోటికి మనమే ఉత్తరాలు రాసి, మామూలు ఉత్తరాల్లో కలిపేసి, ఏది చేరిందో ఏది చేరలేదో చూడటం. ఒక వారం రోజులు కూర్చుని నా చేత్తో రాశాను. ఇంటర్వ్యూ లెటర్ల మాదిరిగా ఖాకీ రంగు కవర్లు తెచ్చి, అచ్చం సర్కారు ఆఫీసు నుంచి వచ్చినట్టు ఆ అమ్మాయి పేరు మీద కొన్ని, ఊళ్ళో వాళ్ళ పేర్ల మీద కొన్ని. ఆమెకి మాత్రం చెప్పి ఉంచాను. వల విసిరిన జాలరిలా ఎదురుచూశాను.

అన్నీ చేరాయి. చేరడమంటే మామూలుగా కాదు, ఆ దారిలో ఏ ఉత్తరమూ ఎన్నడూ చేరనంత వేగంగా చేరాయి. ఈవేళ వేస్తే రేపు పొద్దుగూకేలోపు ఇంటి గుమ్మంలో ఉండేవి. ఊళ్ళో లేని మనిషి పేరు ఒకటి కల్పించి దాని మీద కూడా ఒక కవరు పంపాను. అది మూడో రోజున నాకు తిరిగొచ్చింది. కవరు వెనక పెన్సిల్‌తో ఇలా ఉంది: "ఇట్టి పేరు గల వ్యక్తి ఈ గ్రామమున లేరు. అయ్యగారికి నమస్కారములు."

ఆ కవరు ఓవర్సీర్‌కి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇవి మీరు రాసినయ్యని నందిగామ నుంచి ఆ ఊరి దాకా ప్రతి ఒక్కరికీ తెలుసు అయ్యగారూ."

"ఎట్లా తెలుస్తుందయ్యా?"

"సర్కారు కవరుకి సర్వీసు స్టాంపు ఉంటదండి. మీరు కొన్న స్టాంపు అంటించారు. జేబులోంచి డబ్బులు పెట్టి స్టాంపు కొనే సర్కారు ఆఫీసు ఈ దేశంలో ఎక్కడుందండీ? పైగా అన్నిటికీ పిన్‌కోడు రాశారు."

పన్నెండేళ్ళు స్టాంపులు అమ్మే శాఖలో పనిచేసిన వాణ్ణి. సర్కారు కవరుకి మామూలు స్టాంపు అంటించాను. నవ్వాలనుకుంటే ఇక్కడ నవ్వండి, ముందు ముందు వీలుపడదు.

సిగ్గుపడినవాడు ఊరుకోవచ్చు కదా. అధికారి అయితే ఊరుకోడు. నమస్కారములు రాసింది ఆ ఊరి డెలివరీ ఏజెంటు. ఏభై దాటిన మనిషి, ఎకరం చెలక, పెడల్ ఊడిన సైకిలు. నా వలని గుర్తుపట్టాడంటే దొంగ బుద్ధి ఉన్నట్టే కదా అని తేల్చేశాను. ఊళ్ళోకి వెళ్ళి వాంగ్మూలం తీసుకున్నాను.

"ఉత్తరాలు బట్వాడా చేస్తున్నావా?"

"చేస్తన్నానండి."

"అన్నీనా?"

"అన్నీ ఇచ్చేస్తన్నానండి. ఒక్కటి కూడా ఉంచుకోలేదండి."

"ఆ అమ్మాయి సర్కారు కవర్లో?"

"ఇచ్చేశానండి."

"అబద్ధం."

"ఇచ్చేశానండి అయ్యా."

ఇలా ఎనిమిది పేజీలు రాశాను. ఎనిమిది పేజీల్లోనూ అదే ప్రశ్న, అదే జవాబు. ఆయన వేలిముద్ర కాదు, చక్కగా సంతకం చేశాడు.

సాక్ష్యానికి ఊళ్ళో పెద్దమనిషి ఒకరు కావాలి. ఆ అమ్మాయి పనిచేసే కాన్వెంటు కరస్పాండెంటు గారే ముందుకొచ్చారు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, బంగారు రంగు కళ్ళజోడు. ఊళ్ళో టై కట్టుకునే పిల్లలని తయారుచేసిన ఘనత ఆయనదే. "ఏజెంటు పెద్దమనిషేనండీ, కానీ ఈమధ్య కొంచెం అజాగ్రత్త ఎక్కువైంది" అని నొచ్చుకుంటూ నొచ్చుకుంటూనే సంతకం పెట్టారు. "మా టీచరమ్మకి అన్యాయం జరిగితే నాకు నిద్ర పట్టట్లేదండీ. మీలాంటి ఆఫీసర్లు ఊరికొకరుంటే దేశం బాగుపడిపోద్ది" అన్నారు. ఆ మాట నా డైరీలో రాసుకోలేదు గానీ మనసులో రాసుకున్నాను.

ఏజెంటుని డ్యూటీ నుంచి తప్పించాను. మా భాషలో దాన్ని పుటాఫ్ అంటారు. ఆయన సంచీ, ముద్ర, పెన్సిలు బల్ల మీద పెట్టి, సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి భార్యతో కలిసి మిరపకాయ కోతకి పోతున్నాడని తెలిసింది.

ఆయన చోట్లో తాత్కాలికంగా ఎవరినైనా పెడదామంటే ఊళ్ళో ఒక్కరూ రాలేదు. "ఆయన సంచి మేం ముట్టమండీ" అన్నారు. గత్యంతరం లేక ఓవర్సీర్‌ని అక్కడే ఉంచాను. ఫిబ్రవరి వచ్చింది. లెటర్లు రావాల్సిన వారం కదా, ఈసారి కవరుని కన్నార్పకుండా కాపలా కాయాలని నేను కూడా వెళ్ళాను.

మంగళవారం జగ్గయ్యపేట బస్సులో సంచి దిగింది. బ్రాంచి ఆఫీసులో బల్ల మీద బోర్లించాం. ఉంది! ఖాకీ కవరు, సర్వీసు స్టాంపు, ఆ అమ్మాయి పేరు. ఓవర్సీర్‌ని అవతలి శివారుకి పంపేసి, ఊరి ఉత్తరాలు నేనే తీసుకున్నాను. ఆ కవరుని చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాను.

కాలనీలో ఆమె ఇంటికి తాళం. పక్కింటి ముసలమ్మ మిరపకాయలు ఎండబోస్తూ తలెత్తింది. "అందరూ కోతకి పోయారయ్యా. పిల్ల బళ్ళో ఉంటది" అంది. ఎండ మాడిపోతోంది. కాన్వెంటు దాకా నడిచాను. గేటు దగ్గరే కరస్పాండెంటు గారు ఎదురొచ్చారు.

"అయ్యో ఇన్‌స్పెక్టర్‌గారూ, తమరే స్వయంగా సంచి మోస్తున్నారా! రండి రండి, ఫ్యాను కింద కూర్చోండి."

బోండాలు వచ్చాయి. కాఫీ వచ్చింది. టీచరమ్మకి ఉత్తరం ఉందని చెప్పాను.

"క్లాసులో ఉందండీ. పిల్లలకి లెక్కలు చెబుతోంది, మధ్యలో లేపితే పాఠం పాడవుద్ది. ఇటివ్వండి, గంట కొట్టగానే నేనే ఇస్తా."

ఇచ్చాను. రెండు చేతులతో ఇచ్చాను. బోండాలు బాగున్నాయని కూడా చెప్పాను. ఆ సాయంత్రం డైరీలో రాసింది ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది: "నా స్వీయ పర్యవేక్షణలో ఉత్తరం భద్రంగా బట్వాడా అయినది. ఏజెంటును తొలగించుటతో నేరములు ఆగినవి."

శనివారం మధ్యాహ్నం ఆఫీసు మూసే వేళ ఆ అమ్మాయి వచ్చింది. ఈసారి కూడా కూర్చోలేదు.

"మా బ్యాచ్‌లో అందరికీ వచ్చాయంటండి. ఎల్లుండే ఇంటర్వ్యూ. బందరులో. నాకు రాలేదండి."

"రాకపోవడమేంటమ్మా? వచ్చింది. మంగళవారమే ఇచ్చేశాను. నా చేత్తో నేనే ఇచ్చాను."

"ఎవరికిచ్చారండీ?"

అంతే. నాలుగు నెలల పరిశోధన, ఎనిమిది పేజీల వాంగ్మూలం, అట్ట వేసిన నోట్సు, ఎక్కడా ఆ ప్రశ్న లేదు. ఇచ్చావా అని అడిగాను. అన్నీ ఇచ్చావా అని అడిగాను. ఎవరికిచ్చావని అడగలేదు. ఆ ఏజెంటు అడిగినదానికి నిజమే చెప్పాడు, అన్నిసార్లూ.

ఆమె నా మొహం చూసి తనే గ్రహించింది. "సారుకిచ్చారా?" అని చాలా మెల్లగా అడిగింది. తల ఊపాను.

ఆ పూట లెక్కలివ్వడానికి ఓవర్సీర్ నందిగామ వచ్చి ఉన్నాడు. ఆయన, ఆ అమ్మాయి, నేను, జగ్గయ్యపేట బస్సులో ముగ్గురం వెళ్ళాం. నేను ఓవర్సీర్ పక్కన కూర్చున్నాను.

"కాలనీలో పగలు ఎవరూ ఉండరు కాబట్టి టీచర్లందరి ఉత్తరాలూ బళ్ళోనే ఇస్తారని నీకు తెలుసా?"

"తెలిసిందేగా అయ్యగారూ. టీచరు గారి ఉత్తరం బళ్ళో ఇవ్వటం మర్యాదంటారు ఆ ఊళ్ళో. మీ పరీక్ష ఉత్తరాలంటే భయపడి, ఏజెంటు వాటిని మటుకు పొద్దుగూకేముందు ఇంటికెళ్ళి చేతికిచ్చేవాడు."

"మరి నాకు చెప్పలేదే?"

"దొంగెవరని అడిగారు. తెలియదన్నా."

మేం వెళ్ళేసరికి కరస్పాండెంటు గారు పేపరు చదువుకుంటున్నారు. అడగ్గానే కంగారేమీ పడలేదు. లేచి, బీరువా తీసి, ఒక ఫైలు బయటికి తీశారు. ఖాకీ కవర్లు, అన్నీ వరసగా, పంచ్ చేసి, తాడు కట్టి ఉన్నాయి. అట్ట మీద 'స్టాఫ్ - పర్సనల్' అని అందమైన అక్షరాలు.

"ఒక్కటి కూడా చింపలేదు, చూడండి. చింపే మనిషినైతే ఫైలెందుకు చేస్తానండీ? పరీక్షలయ్యాక తలా ఒకటి ఇచ్చేద్దామనే ఉంచా. నడి సంవత్సరంలో టీచర్లు గవర్నమెంటు ఉద్యోగాలకి పోతే పిల్లల భవిష్యత్తు ఏమవ్వాలండీ? ఆ బాధ్యత ఎవరిది?"

"ఇది నేరం అండీ. కేసు పెడతాను" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పెట్టండి. ఇదిగో పైన ఉన్న కవరు మంగళవారం వచ్చింది. ఇచ్చిన మనిషెవరో కూడా రాసుకోండి. బోండాలు ఇంకో రెండు వేసుకోమంటే వద్దన్నారు ఆయన."

ఓవర్సీర్ బీరువా దగ్గరికి నడిచాడు. ఫైలు కింద ఇంకో కట్ట ఉంది. ఉద్యోగంలో చేరేటప్పుడు టీచర్ల దగ్గర పెట్టించుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు. అవి లేకుండా ఇంటర్వ్యూకి వెళ్ళినా ఉపయోగం లేదు. "నీయి చూసుకో తల్లీ" అని మొత్తం కట్ట ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తనవి వెతికి తీసుకుంది. కవరు విప్పి తేదీ చూసుకుంది. కరస్పాండెంటు గారి వైపు గానీ నా వైపు గానీ చూడలేదు. ఆదివారం తండ్రిని వెంటబెట్టుకుని బందరు బస్సెక్కింది.

ఉద్యోగం వచ్చింది. రెడ్డిగూడెం వైపు పోస్టింగ్ ఇచ్చారని తర్వాత విన్నాను. కానీ ఆ ఫైలులో ఇంకో ఇద్దరి కవర్లు ఉన్నాయి. వాటిలో తేదీలు దాటిపోయాయి. ఒకాయనకి వయసు కూడా దాటింది. ఆ కవరు వచ్చింది నేను వారం రోజులు కూర్చుని పరీక్ష ఉత్తరాలకి పిన్‌కోడ్లు రాస్తున్న రోజుల్లోనే. రెండువేల సంవత్సరం దాటాక కూడా ఆయన కీసరలో ట్యూషన్లు చెప్పుకుంటూ కనిపించేవాడు. హైవే మీద బస్సు ఆగితే నేను రెండో వైపు కిటికీలోకి చూసేవాణ్ణి. ఆ పాపం సగం నాదే, ఆ సగానికి లెక్క చెప్పమని ఇంతవరకు ఎవరూ నన్ను అడగలేదు.

ఎస్సై గారికి కథంతా చెప్పాను. ఆసాంతం విని, "చట్టం ప్రకారం కేసు నిలబడుద్దండీ. కాకపోతే ఆ కవరు ఆయనకి ఎవరిచ్చారని కోర్టులో మొదటి ప్రశ్న వస్తది. మొదటి సాక్షీ మీరే, మొదటి ముద్దాయీ మీరే. ఆలోచించుకోండి" అన్నారు. ఆలోచించుకున్నాను. ధైర్యవంతుడైతే ఒక్క నిమిషం కూడా ఆలోచించడు. నేను రాత్రంతా ఆలోచించి, రిపోర్టు ఇలా ముగించాను: "అపసవ్య బట్వాడా పద్ధతిని కనుగొని, అరికట్టడమైనది." కనుగొన్నది ఎవరో, మంగళవారం బట్వాడా చేసింది ఎవరో రాయలేదు. కరస్పాండెంటు గారు ఒక క్షమాపణ పత్రం ఇచ్చి, ఆ ఏడు స్కూలు వార్షికోత్సవానికి నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. వెళ్ళలేదు. అంతవరకు సిగ్గు మిగిలింది.

ఏజెంటుని మిరప కల్లంలో కలిశాను. "రేపటి నుంచి డ్యూటీకి రా" అన్నాను. "సరేనండి" అన్నాడు. అయితే ఆయన ఫైలు మూయాలంటే ఏదో ఒక శిక్ష ఉండాలి. చిరునామాదారుకి కాక వేరే వాళ్ళకి ఉత్తరం ఇచ్చినందుకు హెచ్చరిక. "ఇట్టి తప్పు మరల చేయను" అని నేను చెబుతుంటే ఆయన రాశాడు. మిరపకాయల ఘాటుకి నాకు దగ్గొచ్చింది. ఆయన వెళ్ళి చెంబుతో మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

మూడు నెలల తర్వాత అదే ఊరికి తనిఖీకి వెళ్ళాను. మా సూపరింటెండెంటు గారి ఆఫీసు నుంచి నాకొక రిజిస్టర్డ్ కవరు నందిగామకి వస్తే, దాన్ని నేనున్న ఊరికి మళ్ళించారు. ఏజెంటు సంచిలోంచి దాన్ని తీశాడు. నేను లోపల లెక్కలు చూస్తున్నాను. వరండాలో ఉన్న ఓవర్సీర్ చెయ్యి చాపాడు.

"ఇటియ్యి, అయ్యగారికి నేనిస్తాలే."

"కుదరదండి. అయ్యగారి పేరుంది. అయ్యగారి చేతికే ఇయ్యాలి."

లోపలికొచ్చి, పెన్సిల్ చెక్కి నాకిచ్చి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు. పెట్టాను. అక్కడే కవరు విప్పాను. ఉత్తరాల దొంగతనాన్ని చాకచక్యంగా ఛేదించినందుకు శాఖ నన్ను అభినందిస్తోంది. ఆ కాగితం ఏమిటని ఆయన అడగలేదు. నా మొహం చూసే తెలుసుకున్నట్టున్నాడు.

సంచి భుజానికి తగిలించుకుంటూ, ఓవర్సీర్‌కి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"ఆ మంగళవారం సంగతి నేను ఎక్కడా చెప్పలేదులెండి" అన్నాడు.

సైకిలెక్కి కాలనీ వైపు వెళ్ళిపోయాడు. నేను తనిఖీ పుస్తకం దగ్గరికి లాక్కుని, "బట్వాడా సంతృప్తికరం" అని రాసి సంతకం పెట్టాను.